బతుకమ్మకు వచ్చిన బిడ్డను అడగండి

పెత్తరమాస నాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలైతే సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఓరుగల్లులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తల్లిగారిళ్లు నిండిపోయే రోజులివి. హన్మకొండ బస్టాండులో ఏ బస్సు చూసినా చంకన పిల్ల, చేతిలో సంచితో దిగే ఆడబిడ్డలే. పెళ్లయిన కూతురు ఇన్ని రోజులు తల్లి కళ్ల ముందు ఉండడం ఏడాదిలో మళ్లీ దొరకదు. అందుకే గృహహింస గురించిన ఈ మాట ఇప్పుడే చెప్పాలనుకున్నాం.

అరుగు మీద కూర్చుని గునుగు కాడలు కత్తిరిస్తున్న బిడ్డను ఒక్కసారి నిదానంగా చూడండి. ఫోన్ మోగగానే చేతిలో పువ్వు జారవిడిచి ఉలిక్కిపడుతోందా? పెరట్లోకి పోయి గొంతు తగ్గించి, ‘ఇంట్లనే ఉన్న, ఎటూ పోలే’ అని ఒకే మాట పదిసార్లు చెబుతోందా? చుట్టూ ఎవరున్నారో భర్త వీడియో కాల్‌లో చూపించమంటున్నాడా? ఉక్కపోతలోనూ పొడుగు చేతుల జాకెట్ విప్పడం లేదా? గాజులు వేయించుకుందామంటే ‘ఆయన్ని అడగాలె’ అంటోందా? నెలంతా బీడీలు చుట్టిన పైసలు ఏమయ్యాయని అడిగితే మాట మారుస్తోందా? మేనమామ కాస్త గట్టిగా పిలిస్తే మనవడు తల్లి కొంగు వెనక నక్కుతున్నాడా? ఇందులో ఏ ఒక్కటీ సాక్ష్యం కాదు. ఫోన్ చూసి కంగారు పడే కారణాలు వంద ఉంటాయి. కానీ నాలుగైదు కలిసి కనబడితే మాత్రం అడగాలి.

ఎలా అడగాలన్నదీ ముఖ్యమే. పదిమందిలో, అల్లుడి ముందు అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది. ‘అల్లుడు మంచిగనే చూసుకుంటున్నడు గదా’ అన్నది ప్రశ్న కాదు, జవాబు ముందే ఆమె నోట్లో పెట్టడం. పిల్లలు పడుకున్నాక, తలకు నూనె రాస్తూ, ‘ఆ ఇంట్ల నీకు భయమైతుందా బిడ్డా?’ అనండి. ఆ రాత్రి చెప్పకపోయినా, అడిగేవాళ్లు ఉన్నారని ఆమెకు తెలుస్తుంది. అలిగిన బతుకమ్మ నాటికో, వేపకాయల నాటికో తనే నోరు విప్పుతుంది.

ఇదంతా ఎక్కడో ఒకటీ అరా ఇంట్లో జరిగే సంగతి అనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహితల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస చవిచూశారు. అంతకంటే కలవరపెట్టే అంకె అదే సర్వేలో మరొకటి ఉంది. కూర బాగా చేయలేదనో, చెప్పకుండా బయటికి వెళ్లిందనో, అత్తమామలను గౌరవించలేదనో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని మన రాష్ట్రంలో 83.8 శాతం మహిళలు చెప్పారు. దెబ్బలు తిన్న ఇంట్లోనే పెరిగి, తల్లి మౌనాన్ని చూసి నేర్చుకున్న జవాబు అది. దేశం మొత్తం మీద హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

హింస అంటే ఒంటి మీద వాత తేలితేనే అని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 2005 గృహహింస చట్టం అలా అనలేదు. కొట్టడంతో పాటు, ఇష్టం లేకుండా లైంగికంగా బలవంతపెట్టడం, ‘ఆడపిల్లను కన్నవ్’ అని సూటిపోటి మాటలతో కుళ్లబొడవడం, సంపాదన లాక్కోవడం, ఇంటి ఖర్చుకు పైసలివ్వకపోవడం, ఒంటి మీది బంగారం కుదువ పెట్టడం, ఇవన్నీ హింసేనని రాసింది. మహిళా పొదుపు సంఘంలో ఆమె పేరిట లోన్ ఎత్తించి, పైసలు తాను వాడుకుని, కిస్తీ రోజున ‘నీ లోనే గదా, నువ్వే కట్టుకో’ అనే మగవాడు కూడా ఈ చట్టం కిందికే వస్తాడు. చట్టం భార్యలకే పరిమితం కాదు. ఒకే ఇంట్లో ఉంటున్న తల్లి, చెల్లె, భర్త పోయిన కోడలు కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఇక్కడ మా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. ‘కుటుంబ కలహాలతో వివాహిత ఆత్మహత్య’ అని పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాయి, మేమూ రాశాం. కలహమంటే ఇద్దరూ సమానంగా తలపడేది. ఒకరు కొడుతుంటే ఇంకొకరు పడి ఉండడాన్ని కలహం అనరు. ఆ మాట వాడినప్పుడల్లా కొట్టినవాడి పేరు వార్తలోంచి తప్పించినవాళ్లమయ్యాం. ఇక మీదట ఈ పత్రికలో హింసను హింస అనే రాస్తాం.

తాగి ఉన్నాడు కాబట్టి కొట్టాడనే మాట కూడా ఊళ్లలో చాలా సులువుగా చెల్లిపోతోంది. బెల్టు షాపు నుంచి తూలుకుంటూ వచ్చే మనిషి దారిలో సర్పంచ్ కనబడితే నమస్తే పెడతాడు, అప్పిచ్చిన సేటుతో వినయంగానే మాట్లాడతాడు. చెయ్యి లేచేది ఇంటి గడప దాటాకే. ఎవరిని కొట్టాలో, ఎవరిని కొట్టకూడదో ఆ మత్తులోనూ అతనికి తెలుసు. తాగుడు మాన్పించడం మంచిదే, కానీ అది మానితే దెబ్బలు ఆగుతాయని ఆమెకు ధైర్యం చెప్పి పంపడం ఆమె ప్రాణంతో జూదమాడడమే.

ఇక పంచాయితీ సంగతి. బిడ్డ ఏడ్చుకుంటూ తల్లిగారింటికి వచ్చిందంటే మన దిక్కున మొదట జరిగేది పెద్దమనుషులను పిలవడం. రెండు దిక్కులా డిపాజిట్ పెట్టించి, చెట్టు కింద కూర్చోబెట్టి, ‘ఇంకోసారి కొట్టనని రాసియ్యి’ అని కాగితం రాయించుకుని, ‘పిల్లల మొఖం చూసి సర్దుకుపో బిడ్డా’ అని సాగనంపడం. ఆ పెద్దమనుషుల్లో చాలామంది మంచి మనసుతోనే కూర్చుంటారు, కాదనం. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో తలుపు మూసుకున్నాక ఆ కాగితం ఆమెను కాపాడదు. పదిమందిలో పరువు తీసిందన్న కక్ష తోడవుతుంది. కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అలాంటి కాగితం కాదు. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

‘ఇల్లు అత్తమామల పేరిట ఉంది, నీకేం హక్కు?’ అని కోడళ్లను వాకిట్లో నిలబెట్టే ఇళ్లకు సుప్రీంకోర్టు 2020లోనే జవాబు చెప్పింది. భర్తతో కలిసి కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరిట ఉన్నా, అందులో ఉండే హక్కు కోసం ఆమె అడగొచ్చు. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ మహిళకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. దాని నంబరు 15100.

ప్రాణం మీదికి వస్తే 112కు, సాయం కావాలంటే ఏ వేళనైనా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. జిల్లాకో సఖి కేంద్రం ఉంది. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజులు తలదాచుకునే చోటు అన్నీ అక్కడే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. చేతిలో రూపాయి లేని ఆడమనిషి ఊరు దాటి పోవడమెట్లా అనేది ఒకప్పుడు పెద్ద అడ్డంకి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్‌కు పైసలు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అందుకే ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు నమ్మకమైన పక్కింట్లో ముందే దాచుకొమ్మని ఆమెకు చెప్పండి. వెళ్లిపోతానని అతనితో ముందుగా అనొద్దనీ చెప్పండి. వదిలి వెళ్లే సమయంలోనే ప్రమాదం ఎక్కువ. దవాఖానకు పోతే బాత్రూంలో జారిపడ్డానని చెప్పకుండా, కొట్టాడనే చెప్పాలి. డాక్టరు రాసిన ఆ ఒక్క మాట రేపు కోర్టులో పనికొస్తుంది.

ఆమె నోరు విప్పలేకపోతే? ఇది చాలామందికి తెలియని సంగతి. గృహహింస జరుగుతోందని నమ్మకమున్న ఎవరైనా, పక్కింటివాళ్లైనా, ఆశా కార్యకర్తైనా, అంగన్‌వాడీ టీచరైనా ఈ చట్టం కింద బాధితులకు సాయపడే ప్రభుత్వ అధికారి, అంటే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు తెలియజేయొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ ఉండదని చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. గోడకు అటువైపు అరుపులు వినబడితే టీవీ సౌండ్ పెంచకండి. చక్కెర కావాలనో, చార్జర్ కావాలనో వెళ్లి తలుపు కొట్టండి. మీకు ప్రమాదమనిపిస్తే 112కు చేయండి. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటూ నోళ్లు మూయించే వాళ్లుంటారు. లంకకు చేటు వచ్చింది ఆడమనిషిని ఎత్తుకొచ్చి బంధించినందుకే.

ఈ పనికి అన్నింటికంటే తగినవి మన మహిళా సంఘాలు. ఎవరింట్లో ఏ పూట పొయ్యి వెలగలేదో, ఎవరు మూడు వారాలుగా పొదుపు మీటింగుకు రాలేదో, ఎవరి తరఫున మొగుడే వచ్చి సంతకం పెడతానంటున్నాడో సంఘంలో అందరికీ తెలుసు. పాలకుర్తిలో దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ పంట ఇంటికి చేరిందంటే ఆమె వెంట సంఘం, అంటే నాటి ఆంధ్ర మహాసభ, నిలబడ్డందుకే. ఈ గడ్డ మీద సంఘం అనే మాటకు ఆ బరువుంది. కిస్తీ బకాయి పడితే ఐదుగురు కలిసి ఇంటికి వెళ్తున్నారు కదా, సభ్యురాలి కన్ను వాచి కనబడినా ఆ ఐదుగురూ అలాగే వెళ్లాలి. ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద, రేషన్ షాపు ముందు, దవాఖానలో 181, సఖి కేంద్రం చిరునామా పెద్దక్షరాలతో రాయించడానికి అధికారులకు కొత్త నిధులేమీ అక్కర్లేదు, రెండు డబ్బాల రంగు చాలు. పండుగ వెళ్లేలోగా ఆ పని జరగాలి.

దసరా జమ్మి పెట్టుకున్న మర్నాడు సంచిలో సత్తుపిండి కట్టి బిడ్డను సాగనంపుతాం. ఈసారి 181 అంకెలు ఆమె నోటికి వచ్చేదాకా చెప్పించండి. ఫోన్‌లో దాచుకొమ్మనకండి, ఆ ఫోన్ అతను చూస్తాడు. ఏ అర్ధరాత్రి వచ్చినా తలుపు తీస్తామని తండ్రి, అన్నదమ్ములు తమ నోటితో చెప్పాలి. పోనని ఆమె అంటే మాత్రం బస్సు ఎక్కించకండి.