‘ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా ఒకటే’ అన్న మాటలో నిజమెంత?

విడిభాగాలు కొనుక్కొని కంప్యూటర్‌ను ఇంట్లోనే బిగించుకునేవారి మధ్య కొంతకాలంగా దాని లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి ఒక సందేశం ఫోన్ల మీద తిరుగుతోంది. ‘ఎస్‌ఎంపీఎస్ మీద డబ్బు తగలేయకండి’ అని మొదలయ్యే ఆ సందేశం సారాంశం ఇది: పెట్టె మీద రాసిన వాట్లు సరిపోతే ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా ఒకటే కనుక క్యాబినెట్‌తో వచ్చేదే చాలు, పెద్దది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది, గ్రాఫిక్స్ కార్డు తయారీదారు సూచించే వాట్లు కార్డు ఒక్కదానికే కాబట్టి ప్రాసెసర్ వాట్లను వాటికి కలుపుకోవాలి, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గోల్డ్ స్టిక్కర్ ఉంటే ఇంకేమీ చూడనక్కరలేదు, ఇంట్లో యూపీఎస్ ఉంటే చౌకరకం పెట్టినా ప్రమాదం లేదు, పాత ఎస్‌ఎంపీఎస్ తీగలు కొత్తదానికి పనికొస్తాయి. వీటిలో ఒకటి తక్కువ కొనమంటుంది, మరొకటి అవసరానికి మించి కొనిపిస్తుంది. రాసినవారు ఆ సంగతి గమనించినట్టు లేదు. నాకు ఇది ముగ్గురు బంధువుల దగ్గర నుంచి వచ్చింది, అందులో ఇద్దరు ఆ వారంలోనే కంప్యూటర్ కొనబోతున్నారు. అందుకే ఒక్కొక్క మాటనూ విడదీసి సమాధానం చెప్పవలసి వస్తోంది.

మిగతావన్నీ మొదటి మాట మీదే నిలబడ్డాయి కనుక దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం ఎస్‌ఎంపీఎస్ పని. పెట్టె మీద పెద్ద అంకెల్లో కనిపించే వాట్లు ఈ మూడింటినీ కలిపి వేసిన లెక్క. కానీ నేటి కంప్యూటర్‌లో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావలసిన శక్తి దాదాపు మొత్తం 12 వోల్టుల నుంచే వస్తుంది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌ను ఆనుకొని ఉండే సర్క్యూట్ ఆ 12 వోల్టులను ఒక వోల్టు చుట్టుపక్కలకు దించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. వెనకటి కంప్యూటర్లలో 5 వోల్టుల వాడకమే ఎక్కువగా ఉండేది. పెంటియం 4 రోజుల్లో, 2000లో వచ్చిన ఏటీఎక్స్12వీ ప్రమాణం ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా 12 వోల్టుల కనెక్టర్‌ను తెచ్చిన తరువాత భారం అటు మళ్లింది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే చాలా ఎస్‌ఎంపీఎస్‌లు మాత్రం ఇప్పటికీ ఆ పాతకాలపు పంపకాన్నే మోస్తున్నాయి.

కాబట్టి చదవవలసింది పెట్టెను కాదు, ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌ను. అందులో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉందనుకుందాం. 12ను 16తో గుణిస్తే వచ్చేది 192 వాట్లు. పెట్టె మీద 450 అని ఉన్నా మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి వాడుకోగలిగేది ఆ 192 మాత్రమే. మిగిలినవి 5, 3.3 వోల్టుల ఖాతాలో కాగితం మీద ఉండి, ఈ కాలపు కంప్యూటర్‌కు పెద్దగా అక్కరకు రానివి. 550 వాట్ల నాణ్యమైన ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద అదే గడిలో 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 540 వాట్లు. రెండు పెట్టెల మీది అంకెల మధ్య తేడా వందే అయినా, అసలు బలంలో తేడా మూడు రెట్లకు దగ్గరగా ఉంది. 12 వోల్టుల ఆంపియర్లు అసలు రాయని లేబుల్ కనిపిస్తే దాన్ని బల్ల మీద పెట్టేసి పక్క దుకాణానికి నడవడమే మేలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట నాలుగు అడుగులు వేస్తే మరో దుకాణం ఉంటుంది.

ఆ అంకెలను ఏ ఉష్ణోగ్రత దగ్గర చెప్పారన్నది కూడా చూడాలి. కొందరు తయారీదారులు 40 లేదా 50 డిగ్రీల దగ్గర నిరంతరంగా ఇవ్వగలిగిన వాట్లను రాస్తారు, కొందరు 25 డిగ్రీల దగ్గర లెక్క చెప్పి ఊరుకుంటారు, చౌకరకాల వారు ఏమీ చెప్పరు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో కంప్యూటర్ వాడేవారికి 25 డిగ్రీల లెక్క ఎంత దూరపు చుట్టమో వేరే చెప్పనక్కరలేదు. బయటి గాలే 40 దాటిన రోజున క్యాబినెట్ లోపలి గాలి అంతకంటే వేడిగా ఉంటుంది, ఆ వేడిలో ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగిన వాట్లు తగ్గుతాయి, లోపలి కెపాసిటర్ల ఆయుష్షూ తగ్గుతుంది. ప్రతి 10 డిగ్రీలకు వాటి ఆయుష్షు సుమారు సగం అవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వారు వాడే మోటు లెక్క.

భారం మించినప్పుడు ఏమవుతుందన్నదే అన్నిటికంటే పెద్ద తేడా. మంచి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు మించినా, వోల్టేజీ హద్దు దాటినా, షార్ట్ సర్క్యూట్ అయినా, లోపల వేడెక్కినా తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉంటాయి. కంప్యూటర్ ఆరిపోతుంది, మీరు విసుక్కుంటారు, అంతటితో సరి. ఆ రక్షణలను ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేసినది ఆగదు. తాను కాలిపోతూ మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు. ‘మా ఇంట్లో అదే పెట్టాం, ఐదేళ్లుగా ఏమీ కాలేదు’ అనే వారున్నారు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా లెక్కలు రాసుకోవడానికో పాఠాలు చూడటానికో వాడే కంప్యూటర్ వంద వాట్లు కూడా తీసుకోదు గనుక వారి మాట నిజమే. అదే పెట్టెలోకి గ్రాఫిక్స్ కార్డు చేరిన రోజు నుంచి ఆ అనుభవం సాక్ష్యానికి రాదు.

పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే బిల్లు పెరుగుతుందన్నది పూర్తిగా తప్పు. వెయ్యి లీటర్ల ట్యాంకు కట్టుకున్నంత మాత్రాన ఎవరూ రోజుకు వెయ్యి లీటర్లు తాగరు. కంప్యూటర్‌కు 300 వాట్లు కావాలంటే ఎస్‌ఎంపీఎస్ 550ది అయినా 1000ది అయినా అది ఇచ్చేది 300 వాట్లే. బిల్లు మీద ప్రభావం చూపేది పరిమాణం కాదు, సామర్థ్యం, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వంతు కంప్యూటర్‌కు చేరుతుందన్నది. 90 శాతం సామర్థ్యం ఉన్నది ఆ 300 ఇవ్వడానికి గోడ నుంచి 333 వాట్లు తీసుకుంటే, 80 శాతంది 375 తీసుకుంటుంది. తేడా 42 వాట్లు. రోజుకు 4 గంటల చొప్పున నెలకు సుమారు 5 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకున్నా 35 రూపాయలు. అంటే సామర్థ్యం కూడా, ఇంటి వాడకంలో, ప్రచారం చేసేంత పెద్ద విషయమేమీ కాదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు తయారీదారు చెప్పే అంకె. ఆర్‌టీఎక్స్ 4060 వాడుకునేది 115 వాట్లు, ఎన్విడియా దానికి సూచించే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తేనే 550 అన్నది కార్డు ఒక్కదానికి కాదని తెలిసిపోవాలి. అది ప్రాసెసర్‌తో సహా మొత్తం కంప్యూటర్‌కు, పైగా అంత గొప్పది కాని ఎస్‌ఎంపీఎస్‌ను కూడా దృష్టిలో పెట్టుకొని ఉదారంగా చెప్పిన లెక్క. ఆ కార్డుతో కోర్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ పెట్టారనుకుందాం. దాని పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, అది 117 వరకు వెళ్లగలదు, కాబట్టి లెక్కకు 117 తీసుకోవాలి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి 50 వేసుకుంటే మొత్తం 282. సందేశం చెప్పినట్టు 550కి ప్రాసెసర్‌ను మళ్లీ కలిపి 700 వాట్ల వైపు వెళ్లవలసిన అవసరం ఎక్కడా కనిపించదు. కాస్త పెద్ద యంత్రం చూద్దాం: 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070, గరిష్ఠంగా 162 వాట్లు తీసుకోగల రైజెన్ 7 7800ఎక్స్3డీ, మిగతావాటికి 60. మొత్తం 422. దీనికి 650 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ సుఖంగా సరిపోతుంది.

422కి 650 ఎందుకు, 450 చాలదా అని అడగవచ్చు. సగం భారం దగ్గర సామర్థ్యం ఎక్కువ కాబట్టి రెట్టింపు కొనాలని కొందరు చెప్పే కారణం బలహీనమైనది. 80 ప్లస్ గోల్డ్‌కు 115 వోల్టుల పరీక్షలో సగం భారం దగ్గర కావలసింది 90 శాతం, పూర్తి భారం దగ్గర 87 శాతం, ఆ మూడు శాతం కోసం ఎవరూ వేలు పోయనక్కరలేదు. అసలు కారణం వేరు. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో వెయ్యో వంతుకంటే తక్కువ సమయంపాటు తమ సగటు వాట్లకు ఎంతో మించి ఒక్కసారిగా లాగుతాయి. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు, కాగితం మీద వాట్లు సరిపోయిన కంప్యూటర్లు కూడా ఆటల మధ్యలో ఆరిపోవడానికి ఈ ఉరుకులు ఒక కారణం. 2022లో ఇంటెల్ వెలువరించిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం దీనికే జవాబు: కొత్త పదహారు పిన్నుల కనెక్టర్ ఉండి 450 వాట్లకు పైబడిన ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్లపాటు తమ వాట్లకు రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని అది నిర్దేశించింది. కాబట్టి వేసిన లెక్కకు మూడో వంతు నుంచి సగం వరకు అదనంగా ఉంచుకుంటే చాలు.

80 ప్లస్ స్టిక్కర్ గురించి. 2004లో మొదలైన ఈ కార్యక్రమం ప్రధానంగా కొలిచేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వంతు కంప్యూటర్‌కు చేరిందన్నదే. అది కూడా సుమారు 23 డిగ్రీల గదిలో. 12 వోల్టులు ఎంత నిలకడగా ఉన్నాయో, రక్షణలు పనిచేస్తున్నాయో లేదో, ఎండాకాలంలో ఏమవుతుందో అది చెప్పదు. ఏటీఎక్స్ ప్రమాణం 12 వోల్టుల మీద అలలు, అంటే వోల్టేజీలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు, 120 మిల్లీవోల్టులు దాటకూడదంటుంది; ఆ పరీక్షకూ గోల్డ్ స్టిక్కర్‌కూ సంబంధం లేదు. గోల్డ్ కంటే కింది మెట్టులోని బ్రాంజ్ అయినా, బాగా తయారు చేసినదైతే, అరకొరగా తయారు చేసిన గోల్డ్ కంటే మెరుగ్గా ఉండవచ్చు. పైగా స్టిక్కర్ అచ్చువేయించుకోవడం కష్టం కాదు. 80 ప్లస్ వారి వెబ్‌సైట్‌లో మోడళ్ల పట్టిక ఉంటుంది, కొనబోయే మోడల్ పేరు అందులో ఉందో లేదో దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు.

యూపీఎస్ మాటలో సగం అపోహ, సగం నిజమైన అవసరం కలిసిపోయాయి. యూపీఎస్ చూసుకునేది గోడ నుంచి వచ్చే కరెంటును. 12 వోల్టులను తయారుచేసేది అప్పుడూ ఎస్‌ఎంపీఎస్సే, అది నాసిరకమైతే యూపీఎస్ దాన్ని బాగుచేయలేదు. యూపీఎస్ మీద ఉండే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అన్న అంకెను 600 వాట్లుగా చదవడం మరో పొరపాటు. ఇళ్లలో వాడే ఆ రకం సాధారణంగా ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కలే. ఇంటి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవారు దాని వెనక ఉండే మీటను యూపీఎస్ వైపు పెట్టుకోవాలి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో మిగిలిన శక్తితో నిలబడగలిగేది 16, 17 మిల్లీసెకన్లపాటు మాత్రమే, ఇన్వర్టర్ ఆలోపే అందుకోవాలి.

ఇంతకూ మన ఇళ్లలో యూపీఎస్ కంటే ముందు చూడవలసింది ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని, కొత్త ఎస్‌ఎంపీఎస్ పాడైందని మా పిన్ని కొడుకు దాన్ని వాపసు ఇవ్వబోయాడు. ఎస్‌ఎంపీఎస్‌లో లోపం లేదు. దాని లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. సాకెట్‌లో ఎర్త్ తీగ లేకపోతే ఆ పెట్టె సరఫరా వోల్టేజీలో సగం దగ్గర, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం కనుక జిల్లుమని ఊరుకుంటుంది, కానీ లోపల నిజంగా ఏదైనా తీగ తగిలిన రోజున కాపాడవలసిన దారి అక్కడ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ గుంత దగ్గర నుంచి సాకెట్ వరకు చూపించుకోవాలి. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టుకోవడం పరిష్కారం కాదు. అలాగే వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400కు దగ్గరగా వోల్టులు రావచ్చు. 240 వోల్టుల వరకు అని రాసి ఉన్న ఏ ఎస్‌ఎంపీఎస్సూ, ఎంత ఖరీదైనదైనా, దాన్ని ఎక్కువసేపు భరించలేదు. అక్కడ అక్కరకొచ్చేది హద్దు దాటగానే సరఫరాను తెంచేసే పరికరం ఒక్కటే.

చివరిది తీగల మాట. ఈ సందేశంలో అన్నిటికంటే తక్కువ పదాల్లో ఉన్నదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. విడదీయగలిగే తీగలున్న ఎస్‌ఎంపీఎస్‌లలో, మదర్‌బోర్డుకూ ఎస్‌ఎస్‌డీకీ తగిలించే కొసకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించే కొసకు లేదు. ఏ రంధ్రంలో ఏ వోల్టేజీ అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఒకే కంపెనీలో ఒక వరుస నుంచి మరో వరుసకు కూడా మారవచ్చు, అయినా ప్లగ్గు చాలాసార్లు చక్కగా కూర్చుంటుంది. 5 వోల్టులు అందవలసిన ఎస్‌ఎస్‌డీకి 12 వోల్టులు అందితే మీట నొక్కిన క్షణంలోనే అందులోని ఫొటోలతో సహా పోతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో వచ్చిన తీగలనే వాడండి. పాతదాన్ని ఎవరికైనా ఇస్తుంటే దాని తీగలను దానికే కట్టి ఇవ్వండి.