సింకు కింద సస్పెన్స్

సింకు కింద నీళ్లు కారుతున్నాయని ఫోన్ చేస్తే ప్లంబర్ ఒకటే మాటన్నాడు. "ఒక వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టండి సార్. ఏ జాయింటో తెలిస్తే దానికి తగ్గ సామాను తెచ్చుకుంటా." మామూలు ఇంట్లో ఇది అర నిమిషం పని. సింకు కింద తలుపు తీయాలి, టార్చి వెయ్యాలి, కుళాయి తిప్పాలి, కారే చోట ఫోన్ పెట్టాలి. మా ఇంట్లో మాత్రం అప్పుడు మా బావమరిది ఉన్నాడు.

నాకేమో ఆఫీసు మీటింగు నడుస్తోంది. "నేను తీస్తాలే బావా" అన్నాడు వాడు. ఆ గొంతులో ఉత్సాహం వినగానే నాకు అనుమానం వచ్చింది గానీ, మా ఆవిడ "పోనీలెండి, ఎలాగూ ఖాళీగానే ఉన్నాడుగా" అనేసింది.

వాడి సంగతి కాస్త చెప్పాలి. వాడు సినిమాలు పెద్దగా చూడడు. సినిమాల గురించి తీసిన వీడియోలు చూస్తాడు. ఫలానా దర్శకుడు కెమెరా ఎక్కడ పెడతాడు, ఎందుకు అక్కడే పెడతాడు, ఎర్ర రంగు ఎప్పుడు వాడతాడు, పాత్ర కిటికీ పక్కన నిలబడితే దాని భావమేమిటి... వెనక పియానో మోగుతుండగా, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడుతూ ఇవన్నీ విడమర్చి చెప్పే వీడియో ఎస్సేలు ఉంటాయి చూడండి, అవి. పొద్దున్న పళ్లు తోముకుంటూ ఒకటి, రాత్రి నిద్ర రాకపోతే ఒకటి, నిద్ర వస్తుంటే ఆపుకోడానికి ఇంకొకటి.

ఆ వీడియోలన్నిటినీ తీసిపారెయ్యడానికి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2012లో కొగొనాడా అన్న పేరుతో ఒకాయన స్టాన్లీ క్యూబ్రిక్ సినిమాల్లోంచి షాట్లు ఏరాడు. గీతలన్నీ వెళ్లి ఫ్రేము నడిమధ్య ఒకే బిందువు దగ్గర కలిసే షాట్లు. వాటిని ఒకదాని వెనక ఒకటి అతికించాడు, అంతే. మాటన్నది లేదు. అది చూశాక క్యూబ్రిక్ సినిమాలో పొడుగాటి వరండా కనబడితే చాలు, ఎవరో మనల్ని లోపలికి లాగుతున్నట్టు ఉంటుంది. ఆయనే తర్వాత 2017లో 'కొలంబస్' అని సొంతంగా సినిమా కూడా తీశాడు. 2014లో టోనీ ఝో, టేలర్ రామోస్ మొదలుపెట్టిన 'ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్' అన్న యూట్యూబ్ ఛానెల్ అయితే సరే సరి. వాళ్లు మాట్లాడతారు, కానీ అన్న ప్రతి మాటకీ తెర మీద సాక్ష్యం చూపిస్తారు. వాళ్ల వెనక వచ్చినవాళ్లలో చాలామంది ఆ సాక్ష్యం సంగతి వదిలేసి గొంతు ఒక్కటే నేర్చుకున్నారని నా ఫిర్యాదు. గొంతు తగ్గించి "కానీ... నిజంగా అంతేనా?" అన్నారంటే ఇక కుర్చీ కూడా ఒంటరితనానికి ప్రతీక అయిపోతుంది.

మా వాడికి ఆ గొంతు కూడా వచ్చేసింది. అందుకే మాతో కూర్చుని ఏదైనా చూసేటప్పుడు రిమోట్ వాడికి ఇవ్వకూడదని ఇంట్లో రూలు. హీరోయిన్ గుండెలు పగిలేలా ఏడుస్తుంటే పాజ్ నొక్కి "అక్కా, వెనక గోడ రంగు గమనించావా?" అంటాడు. వాళ్లక్క కన్నీళ్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. అద్దం కనబడితే ద్వంద్వ వ్యక్తిత్వం. మెట్లు దిగితే పతనం. మేం పై అంతస్తులో ఉంటాం, లిఫ్టు లేదు. ఆ లెక్కన రోజూ పొద్దున్నే పతనమై ఆఫీసుకి వెళ్లొస్తున్నాను.

సరే, వీడియో సంగతి. మీటింగులో మ్యూట్ నొక్కి చెవి వంటింటి వైపు వేశాను.

"లైటు చాలట్లేదు."

"టార్చి వెయ్యరా."

"టార్చి వేస్తే లోతు పోతుంది అక్కా. క్యూబ్రిక్ 'బ్యారీ లిండన్'లో కొవ్వొత్తుల వెలుతురులోనే సీన్లు తీశాడు తెలుసా? 1975లో! దానికోసం, నాసా వాళ్ల కోసం జైస్ కంపెనీ చేసిన లెన్సులు సంపాదించి మరీ..."

"నాసా సంగతి తర్వాత చూద్దాం. ఆ పక్కనే గ్యాస్ పైపుంది, ముందు అగ్గిపెట్టె కింద పెట్టు."

కొవ్వొత్తి ఆలోచన అలా ఆగింది. కాసేపు చప్పుడు లేదు. మా బావమరిది విషయంలో చప్పుడు లేకపోవడం మంచిది కాదు. మళ్లీ వినపడింది.

"అక్కా, నీళ్లు కెమెరాకి ఆనట్లేదు."

"నీళ్లకి రంగుండదు కదరా, ఎలా ఆనుతాయి?"

"జపాన్ డైరెక్టర్ కురొసావాకీ ఇదే ప్రాబ్లెమ్ వచ్చింది. 'రషోమన్'లో ఆ పెద్ద గేటు దగ్గర వాన ఉంటుంది కదా, తెర మీద కనబడాలని నీళ్లలో నల్ల సిరా కలిపాడు."

కలిపాడన్న మాట నిజమే. అది 1950 సంగతి, నలుపు తెలుపు సినిమా, పైగా ఆరుబయట వేసిన సెట్టు. మా వంటిల్లు రంగుల్లో ఉంది, కిందటేడే తెల్ల టైల్స్ వేయించాం. ఈ తేడా వాడికి ఎవరైనా చెప్పేలోగా, పిల్ల డ్రాయింగు కోసం కొన్న నల్ల ఇంకు సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే "యాక్షన్!" అన్న కేక. ఆ తర్వాత మా ఆవిడ కేక.

నేను మీటింగు వదిలేసి వెళ్లేసరికి వంటింట్లో నల్లటి మడుగు. కారే నీళ్ల కింద పెట్టిన బకెట్టు ఏదని అడిగాను. సింకు తలుపులకి ఇవతల, కుడివైపు, బుద్ధిగా ఉంది. ఎడమవైపు దానికి జోడీగా స్నానాలగదిలోంచి తెచ్చిన బకెట్టు. ఫ్రేములో బకెట్టు ఒకవైపే ఉంటే సిమెట్రీ దెబ్బతింటోందట. వెస్ ఆండర్సన్ సినిమాల్లో గీత గీసి రెండుగా మడిస్తే అటూ ఇటూ సరిపోయేలా ఉంటుంది ఫ్రేము. నిజమే, ఆ అందం నాకూ ఇష్టమే. కాకపోతే ఆయన బకెట్లలో నీళ్లు పడాల్సిన పని ఉండదు.

"పంపించేశా బావా" అన్నాడు మా వాడు, తడిసిన ప్యాంటుతో, తృప్తిగా.

ఏం పంపించాడో చూద్దామని ఫోన్ తీసుకున్నాను. 11 నిమిషాల వీడియో.

మొదట మా ఇంటి నడవా. ఎవరూ లేరు. చాలాసేపు ఎవరూ రారు. తర్వాత స్టవ్ మీద కెటిల్. ఇది ఒజు శైలి అని పక్కనుంచి వివరణ. జపాన్ దర్శకుడు యసుజిరో ఒజు ఒక సీనుకీ ఇంకో సీనుకీ మధ్య ఇలాగే ఖాళీ గదుల్నీ, ఆరేసిన బట్టల్నీ చూపిస్తాడు. కెమెరాని బాగా కిందికి దించి, దాదాపుగా కదపకుండా తీస్తాడు. 1958లో ఆయన మొదటి రంగుల సినిమా 'ఈక్వినాక్స్ ఫ్లవర్'లో ఒక ఎర్ర కెటిల్ ఉంటుంది, కథతో దానికి పనేమీ లేదు, అయినా కన్ను దాని మీదకే పోతుంది. మాది స్టీలు కెటిల్. అందుకని దానికి నా ఎర్ర తువ్వాలు చుట్టాడు.

ఆ తర్వాత నేల మట్టం నుంచి సింకు తలుపులు. అటొక బకెట్టు, ఇటొక బకెట్టు. తలుపు తెరుచుకోదు. లోపల టప్ టప్ మని చప్పుడు. అప్పుడు మొదలైంది గొంతు.

"నీరు. అది ఎక్కడికి పోతోందో మనకి తెలుసు. కానీ ఎక్కడి నుంచి వస్తోంది?"

"ఒరేయ్, అది తెలియడానికే కదరా వీడియో అడిగింది!"

"తొందరపడకు బావా. సస్పెన్స్ సినిమాల హిచ్‌కాక్ ఇంకో డైరెక్టర్ ట్రూఫోకి ఏం చెప్పాడు? బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉందని ముందే తెలిస్తే 15 నిమిషాల సస్పెన్స్. సింకు కింద లీకుందని ప్లంబర్‌కి ముందే తెలుసు. కాబట్టి తలుపు ఎంత ఆలస్యంగా తీస్తే అంత మంచిది."

తలుపు మొత్తానికి తెరుచుకుంది. ఇక పైపు కనబడుతుంది అనుకున్నాను. కెమెరా పైకి లేవలేదు. నేల మీద పడుతున్న చుక్కని చూస్తూ కూర్చుంది. ఒక చుక్క. ఇంకో చుక్క. 1983 నాటి 'నొస్టాల్జియా'లో ఒక మనిషి వెలుగుతున్న కొవ్వొత్తి ఆరిపోకుండా ఎండిన కొలను దాటడాన్ని రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ దాదాపు 9 నిమిషాలు ఒకే షాట్‌లో తీశాడు. అక్కడ ప్రతి అడుగుకీ ఊపిరి బిగబట్టాల్సిందే, ఎందుకంటే ఆరిపోతే ఆ మనిషి మళ్లీ మొదటికి రావాలి. మా చుక్క మళ్లీ మొదటికి రాదు. పడితే పడిందే.

"కెమెరా కాస్త పైకెత్తితే జాయింటు కనబడేది కదరా."

"ఎత్తితే సమాధానం చెప్పేసినట్టే. తర్కోవ్‌స్కీ సమాధానాలు ఇవ్వడు బావా."

ఆఖర్న తెల్ల టైల్స్ మీదికి నల్ల నీళ్లు నెమ్మదిగా పాకుతూ వచ్చాయి. పక్కనుంచి వాళ్లక్క అరుపు. స్క్రీన్ నలుపు. ఛాయాగ్రహణం, కూర్పు, దర్శకత్వం, అన్నిటికీ ఒకటే పేరు.

కాసేపటికి ప్లంబర్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "సార్, మొత్తం చూశాను. అర్థం కాక మళ్లీ చూశాను. జాయింటు ఎక్కడా కనబడలేదు. ఆ కెటిల్ కూడా కారుతోందా సార్, గుడ్డ కట్టారు? సరే, చివర్లో నల్ల నీళ్లు వచ్చాయి కదా, అది వాషర్ పని కాదు. డ్రైనేజీ వెనక్కి తన్నుతోంది. పెద్ద పనే. ఏదీ ముట్టుకోకండి, మెషీన్ తీసుకుని వస్తున్నాం."

"రెండుసార్లు చూశాడట బావా" అన్నాడు మా బావమరిది.

మెషీన్ అక్కర్లేదని చెప్దామని నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు, బండి మీద ఉన్నట్టున్నాడు. నువ్వు చూసినవాళ్లలో ఉన్నది ఉన్నట్టు తిన్నగా చూపించేవాడు ఒక్కడూ లేడట్రా అని అడిగాను. వాడు నిజంగానే ఆలోచించాడు. "ఉన్నాడు. జాకీ చాన్. కొట్టడం, దెబ్బ తగలడం రెండూ ఒకే షాట్‌లో చూపిస్తాడు, మధ్యలో కట్ చెయ్యడు. అందుకే ఆ దెబ్బ మనకే తగిలినట్టుంటుంది. టోనీ ఝో దాని మీద మంచి వీడియో చేశాడు." మరి కుళాయి తిప్పడం, నీళ్లు కారడం ఒకే షాట్‌లో తీసి ఉంటే పోయేది కదా అన్నాను. "దానికి రిహార్సల్ కావాలి బావా. ఆయన షాట్ కుదిరేదాకా టేకు మీద టేకు తీస్తాడు." ఈలోగా కాలింగ్ బెల్ మోగింది.

ప్లంబర్, వెనక మెషీన్ మోసుకుంటూ కుర్రాడు. మెట్లెక్కి ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. ప్లంబర్ సింకు కింద తల దూర్చి, చేత్తో పైపు తడిమి, ఒక నట్టు విప్పి రబ్బరు వాషర్ బయటికి తీశాడు. ఒకచోట చీలిపోయి ఉంది. "ఇదే సార్. డ్రైనేజీ బాగానే ఉంది. మరి ఆ నలుపేంటి?"

"ఇంకు" అన్నాను.

ఎందుకని అడుగుతాడేమో, కురొసావా దగ్గర్నుంచి మొదలుపెట్టాలేమో అని మనసులో సర్దుకుంటున్నాను. ఆయన అడగలేదు. "మంచి పనే. లీకు ఎక్కడో దొరక్కపోతే మేమూ రంగు కలిపి చూస్తాం. కాకపోతే కొన్ని చుక్కలు చాలు సార్, సీసా అక్కర్లేదు" అని మళ్లీ లోపలికి దూరాడు. మా బావమరిది వాళ్లక్క వైపు ఒక చూపు చూశాడు. టైల్స్ తుడుస్తున్న మనిషి తలెత్తకపోవడం వాడి అదృష్టం.

ఈలోగా ఆ కుర్రాడు మెల్లగా వాడి దగ్గరికి చేరాడు. "ఆ వీడియో తీసింది మీరేనా అన్నా? తలుపు తెరుచుకునే ముందు ఎంత టెన్షన్ వచ్చిందో! లోపల పామున్నదేమో అనుకున్నా."

అంతే. ఇద్దరూ గుమ్మంలో చతికిలబడి ఫోన్‌లో తలలు పెట్టారు. ఖాళీ నడవా ఎందుకో వాడు చెప్తున్నాడు, వీడు వింటున్నాడు.

"పానా ఇయ్యరా" అంది సింకు కింద నుంచి గొంతు.

"ఒక్క నిమిషం, కెటిల్ వచ్చింది."

సింకు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి గాల్లో వెతుకుతోంది. నేను సంచిలో వెతికి ఒక పానా తీసి ఆ చేతిలో పెట్టాను. చెయ్యి లోపలికెళ్లి, వెంటనే బయటికొచ్చింది.

"ఇది కాదురా, పెద్దది."