కూటములంటే పడనివాళ్ల కూటమి

యూరోపియన్ యూనియన్‌ని లోపల కూర్చుని తిట్టాలంటే ఏం కావాలి? దేశభక్తి, కోపం, మంచి గొంతు అనుకుంటాం కదా, అబ్బే, కనీసం 7 దేశాల నుంచి 23 మంది ఎంపీలు కావాలి (ఈ కథ జరిగినప్పుడు 25). లేకపోతే యూరోపియన్ పార్లమెంట్‌లో గ్రూప్ హోదా ఉండదు, హోదా లేకపోతే ఫండ్స్ రావు, మాట్లాడే టైమ్ కూడా తగ్గిపోద్ది, ఇంక ఎవరి డబ్బుతో తిడతారు చెప్పండి?

2014లో, యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి వచ్చెయ్యాలనే బ్రిటిష్ నాయకుడు నైజెల్ ఫరాజ్ గారి ఈఎఫ్‌డీడీ గ్రూప్ సరిగ్గా ఆ 7 దేశాలతోనే మొదలైంది. మొత్తం 48 మంది. ఆయన పార్టీ యూకిప్ వాళ్లు 24, ఇటలీ కమెడియన్ బెప్పె గ్రిల్లో పార్టీ ఫైవ్ స్టార్ వాళ్లు 17, మిగతా 5 దేశాల నుంచీ కలిపి ఏడుగురు, అంటే లెక్క కోసం ఉన్నవాళ్లు. అక్టోబర్‌లో లాత్వియా ఎంపీ ఒక్కావిడ లేచి వెళ్లిపోయింది, అంతే, దేశాలు ఆరైపోయి, 47 మంది మిగిలి ఉన్నా గ్రూప్ రద్దు! నాలుగు రోజుల్లో పోలండ్ నుంచి ఒకాయన్ని పట్టుకొచ్చి మళ్లీ నిలబెట్టారు. యూరప్ జనమంతా మన ఉద్యోగాల మీద పడుతున్నారని ఆ ఏడాదే పోస్టర్లు వేసిన పార్టీ గ్రూప్‌ని కాపాడటానికి పోలండ్ ఆయనే రావాల్సొచ్చింది, ఎంత గొప్ప విషయం.

2016లో బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూనియన్‌లోంచి బయటికి పోవాలా అన్న ఓటింగ్ గెలిచారు, అసలు కష్టాలు అక్కడే మొదలు. 2017 జనవరిలో గ్రిల్లో గారు ఆన్‌లైన్ ఓటింగ్ పెడితే 78 శాతం మంది ఫరాజ్‌ని వదిలేద్దాం అన్నారు, వదిలేసి ఎక్కడికయ్యా అంటే, యూనియన్ ఇంకా గట్టిపడాలనే లిబరల్స్ గ్రూప్‌లోకి! ఆ లిబరల్స్ అదే రోజు కుదరదు పొమ్మన్నారు, వీళ్లు తల దించుకుని వెనక్కి ఫరాజ్ దగ్గరికే. కండువాలు మార్చడం చూస్తూ పెరిగిన తెలుగువాళ్లం, కప్పించుకోడానికి వెళ్తే కండువా లేదు పో అనడం మనం కూడా చూళ్లేదు.

2019లో ఫరాజ్ గారి కొత్త బ్రెగ్జిట్ పార్టీకి ఏకంగా 29 సీట్లొచ్చాయి, బ్రిటన్‌లో ఫస్ట్ ప్లేస్, కానీ 7 దేశాలు దొరకలేదు, గ్రూపే లేదు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన ఆఖరి స్పీచ్‌లో జెండాలు ఊపితే మైక్ కట్ చేసి, పోయేటప్పుడు అవీ పట్టుకెళ్లమన్నారు.

న్యాయంగా చూస్తే ఆయనకి యూనియన్ చేసినంత సాయం సొంత దేశం చెయ్యలేదు, బ్రిటన్ పార్లమెంట్‌కి 7 సార్లు నిలబడితే 7 సార్లూ ఓడించారు (ఈ 7 ఆయన్ని ఎక్కడా వదల్లేదు), యూరప్ ఎన్నికల్లో మాత్రం 1999 నుంచీ ప్రతిసారీ గెలుపే. చివరికి 2024లో ఎనిమిదోసారి క్లాక్టన్ అనే నియోజకవర్గంలో గెలిచి లండన్‌లో కూర్చున్నారు, అక్కడైతే లాత్వియా ఆవిడ సంతకం అక్కర్లేదు.