కడియం నుంచి బదిలీ మీద వచ్చిన మొక్కలు

డీఏ బకాయిలు, పీఆర్సీ అంటూ ఉద్యోగులు ఇన్నేళ్ళూ కాలం వృథా చేశారు. అసలు సమస్య వేరే ఉంది: ఎవరి బల్ల పక్కన ఏ మొక్క ఉండాలి? అనంతపురం ఆఫీసుల్లో ఈ విషయం మీద ఉన్నంత స్పష్టమైన అభిప్రాయాలు మరే జీవో మీదా లేవు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో పచ్చదనం కోరుకోవడం ఎలాగూ సాహసమే. సాహసానికి నియమావళి ఉండొద్దా?

అకౌంట్స్ వాళ్ళకు మనీ ప్లాంటు కావాలి. అదీ ఆగ్నేయ మూలనే, తీగ పైకే పాకాలి. కిందికి వేలాడితే డబ్బు జారిపోతుందట. ట్రెజరీలో బిల్లులు ఎందుకు ఆగుతున్నాయో ఇప్పటికైనా తెలిసింది. కొని తెస్తే అచ్చిరాదనీ, దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందనీ ఇంకో నమ్మకం. అందువల్ల ఒక సెక్షన్ తీగలు ఇంకో సెక్షన్‌కు చెప్పాపెట్టకుండా డిప్యుటేషన్ మీద వెళ్తుంటాయి. మా అభ్యంతరం దొంగతనం మీద కాదు, చేతకాని దొంగతనం మీద. ఉత్త ఆకు గిల్లుకుపోతే ఎన్నాళ్ళు నీళ్ళలో పెట్టినా తీగ రాదు. కణుపు ఉండాలి. కణుపుకు అంగుళం కింద కోసి, కణుపు మునిగేలా, ఆకు మునగకుండా సీసాలో నిలబెట్టి, వారానికోసారి నీళ్ళు మారిస్తే రెండు మూడు వారాల్లో వేర్లొస్తాయి. ఏ పనికైనా కాస్త శిక్షణ అవసరం.

భక్తి ఉన్నవారు తులసి అడుగుతారు. తులసికి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. ట్యూబ్‌లైటు కింద పెడితే కాడలు పీలగా సాగి, ఆకు రాలి, పుల్లలు మిగులుతాయి. ఎండిన తులసిని పీకడానికి ఎవరికి చెయ్యొస్తుంది? ఆ పుల్లలు రిటైర్మెంటు వయసు దాటినా సర్వీసులోనే ఉంటాయి. తూర్పు మెట్ల మీద పెట్టుకుంటే పోయేది. కానీ అక్కడ పెడితే ఎవరి భక్తో పై అధికారికి ఎలా తెలుస్తుంది?

అధికారిగారి అభీష్టం అరెకా పామ్. కుర్చీకి అటొకటి ఇటొకటి, మనిషి ఎత్తున. కడియం నర్సరీలో గోదావరి తేమగాలి పీల్చి పెరిగిన మొక్కను తెచ్చి ఏసీ కింద నిలబెడితే, అది పనిష్మెంటు బదిలీ అనుకుంటుంది. వారంలో కింది ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. కొత్తచోటికి వచ్చిన మొక్కకు అది మామూలే. రెండు వారాలు కుండీ మార్చకుండా, ఎరువు వెయ్యకుండా, కిటికీ వెలుతురులో వదిలేస్తే కుదురుకుంటుంది. కానీ వదిలేయడం ఆఫీసులో ఫైళ్ళకే తప్ప మొక్కలకు వర్తించదు. ఒకరు యూరియా చల్లుతారు, ఇంకొకరు రెండు చెంబులు పోస్తారు, వేరు కుళ్ళుతుంది. మరికొన్ని చోట్ల దీనికి తలకిందులు. నర్సరీ సంచిలోని కొబ్బరిపొట్టు బాగా ఎండితే ముద్దగట్టి అంచుల నుంచి విడిపోతుంది. పోసిన నీళ్ళు పక్కల నుంచి జారి ప్లేటులోకి చేరతాయి. ప్లేటు నిండింది కాబట్టి దాహం తీరిందని రిపోర్టు వెళ్తుంది. అప్పుడు కుండీని బకెట్ నీళ్ళలో ఇరవై నిమిషాలు ముంచి తీయడమొక్కటే మార్గం.

ఇక సైన్సు తెలిసినవారు. వీరు ఆక్సిజన్ కోసం స్నేక్ ప్లాంటు అడుగుతారు, రాత్రిపూట కూడా ఇస్తుందని. రాత్రి అది చేసేది కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకోవడం. ఆక్సిజన్ తయారీకి వెలుతురు కావాలి. ఒకవేళ ఇచ్చినా, సాయంత్రం ఐదున్నర తర్వాత ఆ ప్రాణవాయువు వాచ్‌మన్‌ సొంతం. గాలిని శుభ్రం చేస్తాయన్న మాటకు మూలం 1989 నాటి నాసా ప్రయోగం. అది గాలి చొరబడని పెట్టెల్లో చేసింది. తలుపులు తెరిచి మూసే గదుల్లో వెంటిలేషన్‌తో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు. ఇరవై అడుగులకు పదిహేనడుగుల సెక్షన్ అంటే దాదాపు 28 చదరపు మీటర్లు, తక్కువలో తక్కువ 280 కుండీలు. అవి పెట్టాక ఉద్యోగులు వరండాలో కూర్చోవాలి. వరండాలో గాలి బాగానే ఉంటుంది కాబట్టి లక్ష్యం నెరవేరినట్టే.

వెలుతురు పరీక్ష చాలా సులువు గనక ఎవరూ చెయ్యరు. తెల్లకాగితం మీద అడుగెత్తున చెయ్యి చాపండి. నీడ స్పష్టంగా పడితే అరెకా, మసకగా పడితే మనీ ప్లాంటు, సింగోనియం, లీలగా కనిపిస్తే జెడ్‌జెడ్ ప్లాంటు. అసలు పడకపోతే అది రికార్డు రూము, ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి.

నీళ్ళ విషయంలో మన జిల్లాది ప్రత్యేక హోదా. చాలా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా జాతి మొక్కలు దాన్ని ఆకు కొసల్లో దాచుకుని గోధుమరంగుకు మాడతాయి. ఎండదెబ్బ అనుకుని నీడకు జరుపుతారు, అక్కడా మాడతాయి. రాత్రంతా బకెట్లో నిలవుంచినా, కాచి చల్లార్చినా ఫ్లోరైడు పోదు. వాననీళ్ళో, ఆర్వో క్యాను నీళ్ళో పొయ్యాలి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు కూడా పనికొస్తాయి. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన పొడిగాలికి అవి బొట్టుబొట్టుగా వస్తాయి, అవసరం ఎక్కువున్నప్పుడే నిధులు తగ్గినట్టు. కుండీ మీద తెల్లటి పెచ్చు కడితే ఉప్పు పేరుకుందని గుర్తు. పైమట్టి అంగుళం గీకి తీసేసి మార్చాలి.

జనవరి 1న అధికారులకు బొకేల బదులు మొక్కలివ్వడం మంచి సంప్రదాయం. ఇచ్చే పింగాణీ కుండీకి అడుగున చిల్లుండదు. ఉగాదికల్లా వేరు కుళ్ళి మొక్క పోతుంది, కుండీ పెన్ స్టాండ్‌గా పదోన్నతి పొందుతుంది. మట్టి పాళ్ళు తెలిసినవారికి చిల్లు గుర్తుండదు, చిల్లు గుర్తున్నవారికి పాళ్ళు తెలియవు. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు వర్మీకంపోస్టు, ఒక వంతు కొబ్బరిపొట్టు. స్నేక్ ప్లాంటుకైతే పొట్టు మానేసి ముతక ఇసుక. ఊరి మీద అభిమానంతో చెనిక్కాయ (వేరుశనగ) పిండి నానబెట్టి ఏసీ గదిలో పోస్తే ఆ పూట సెక్షన్ అంతా క్యాంపుకు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత చిన్న దోమల్లాంటి ఈగలు చేరతాయి. మిగిలిన టీ పొయ్యడం, క్యారియర్ కడిగిన నీళ్ళు పొయ్యడం వల్ల చీమలు, బూజు. ఆకు తొడిమల్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఆకు అడుగున కొట్టాలి. తళతళలాడాలని కొబ్బరినూనె పూసేవారు కూడా ఉన్నారు. ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, దుమ్ము అంటుకుంటుంది. తడిగుడ్డ చాలు.

అన్నిటికంటే పెద్ద కోరిక మర్రి బోన్సాయ్. 1989లో గిన్నిస్ బుక్కెక్కిన తిమ్మమ్మ మర్రిమాను కదిరి దగ్గరే ఉండగా, ఆ వంశాన్ని దోసెడు మట్టిలో పెట్టి స్టాప్లర్ పక్కన ఉంచాలట. దానికి ఆరుబయట ఎండ, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీళ్ళు కావాలి. రెండో శనివారం, ఆదివారం కలిసొస్తే సోమవారం నాటికి అది వంటచెరకు. జెడ్‌జెడ్ మాత్రం మూడు వారాలైనా గడ్డలోని నీళ్ళతో నెట్టుకొస్తుంది, పైరవీ లేకుండా పనిచేసే ఉద్యోగి కనుక దాన్నెవరూ అడగరు.

శుక్రవారం డ్రై డే నాడు ప్లేట్లలో నీళ్ళు ఒంపెయ్యాలి. వదిలేస్తే డెంగీ దోమకు వారం పది రోజులు చాలు. ఇంతకీ కుండీల పట్టికలో మొక్క పేరు, దిక్కు, వాస్తు, కోరినవారి హోదా అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుతారు. నీళ్ళు పోసేవారి పేరు అన్న గడిలో మాత్రం అన్ని సెక్షన్ల వారూ ఏకగ్రీవంగా ఒకే మాట రాస్తారు: అటెండరు. ఆ పోస్టు ఖాళీగా ఉంది.