అడ్వాన్స్ ఇచ్చే ఓనర్ దగ్గర మొదటి ఉద్యోగం వద్దు

మా అక్క కొడుక్కి పోయిన నెల హెవీ లైసెన్స్ చేతికొచ్చింది. వయసు 21. కారు లైసెన్స్ వచ్చాక చట్టం చెప్పినట్టే ఏడాది ఆగి, మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నింగ్ లైసెన్స్) తీసుకుని, ప్రొద్దుటూరులో డబ్బు కట్టి నేర్చుకున్నాడు. ఇప్పుడు మూడు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఎర్రగుంట్లలో సిమెంటు తోలే పది టైర్ల బండి ఒకటి. ఆ ఓనర్ ముందే 40 వేలు అడ్వాన్స్ ఇస్తానన్నాడు. రెండోది కంకర క్రషర్ దగ్గర టిప్పర్, ట్రిప్పుకింతని. మూడోది కడపలో నాలుగు లారీలున్న పెద్దాయన దగ్గర. జీతం మూడు వేలు తక్కువ, పైగా రెండు నెలలు సీనియర్ డ్రైవర్ పక్కన కూర్చోవాల్సిందే అన్నాడట.

ఇంట్లో అందరూ మొదటిదే అంటున్నారు. అక్క బంగారం బ్యాంకులో ఉంది, ఆ 40 వేలొస్తే విడిపించుకోవచ్చు. నేను మూడోదన్నాను. అప్పటినుంచి అక్క నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టినవాణ్ణి, ఎందుకన్నానో ఇక్కడ రాస్తున్నా. కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలి.

అడ్వాన్స్ తీసుకున్న డ్రైవర్ నోరు అక్కడే మూతపడుతుంది. టైరు అరిగిపోయింది, ఈ బండి తోలను అనలేడు. రెండు రాత్రుళ్లు నిద్ర లేదు, ఇంకో లోడు వద్దు అనలేడు. మానేస్తానంటే "ముందు నా డబ్బులు కట్టి పో" అంటాడు ఓనర్. కొందరైతే ఒరిజినల్ లైసెన్స్ కూడా బీరువాలో పెట్టుకుంటారు. దయచేసి ఎవరికీ ఇవ్వొద్దు. రికార్డు కోసమంటే జిరాక్స్ ఇవ్వండి, చాలు.

నా మొదటి ఓనర్ కూడా అడ్వాన్సే ఇచ్చాడు. 2004లో. మా నాయన ఆపరేషన్‌కు తీసుకున్నాం, అప్పుడు దేవుడిలా కనిపించాడు. నెల తిరక్కముందే డీజిల్ లెక్క మొదలైంది. ట్రిప్పుకు ఇన్ని లీటర్లని కొలిచి ఇచ్చేవాడు, అంతకు మించి తాగితే నా జీతంలో కోత. ఆ బండికి ఎంత జాగ్రత్తగా తోలినా వాడు చెప్పిన మైలేజీ వచ్చేది కాదు. పాత డ్రైవర్లు ఉపాయం చెప్పారు: దిగుడులో న్యూట్రల్ కొట్టు, డీజిల్ మిగుల్తుంది.

బెంగళూరు నుంచి రిటర్న్ లోడు. ఇనుప సామాను, ఎంత ఎక్కించారో నాకు కాటా చీటీ కూడా చూపించలేదు. మదనపల్లె, రాయచోటి దాటి గువ్వలచెరువు దగ్గర బండి ఆపి అమ్మ కోసం పాలకోవా కట్టించుకున్నా. పొట్లం సీటు పక్కన పెట్టుకుని ఘాట్ దిగడం మొదలుపెట్టా. న్యూట్రల్‌లో, అంటే ఇంజిన్ పట్టు లేకుండా బరువంతా బ్రేకుల మీదే. రెండు మలుపులు బాగానే దిగింది. మూడో మలుపుకు ముందు కాలిన వాసన. బ్రేకు లైనర్ల వాసన అది, ఒకసారి ముక్కుకు తగిలితే జన్మలో మర్చిపోరు. బ్రేకు మీద కాలు పెడితే పెడల్ దిగుతోంది గానీ బండి ఆగట్లేదు. మీటర్లో బ్రేకుల గాలి నిండుగా ఉంది. బ్రేకు డ్రమ్ములు కాలిపోయాక గాలి ఉండి ఏం లాభం? ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మది చేసేది) నొక్కా, బండి గేర్లో లేకపోతే అదీ పనిచేయదు. గేరు వేద్దామంటే పళ్లు గీరుకుంటున్న శబ్దమే తప్ప పడట్లేదు. హారన్ మీద చెయ్యి తీయకుండా ఎడమ పక్క కొండకేసి రాసుకుంటూ పోయా. బంపర్ పోయింది, అద్దం పోయింది, మట్టిగట్టులో ముందు చక్రం దిగబడి బండి ఆగింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. దానికీ నాకూ మధ్య పది అడుగులు కూడా లేవు. కిందికి దిగితే కాళ్లు నిలబడలేదు. పాలకోవా క్యాబిన్ నిండా చిందింది.

బంపరుకూ అద్దానికీ ఆరు వేలు నా ఖాతాలో రాశాడు ఓనర్. నేను న్యూట్రల్ కొట్టడం తప్పే, ఒప్పుకుంటా. కానీ 22 ఏళ్ల పిల్లోడికి డీజిల్ కోత పెట్టి, ఒంటరిగా ఘాట్ రోడ్డుకు పంపింది ఎవరు?

తర్వాత నేను చేరిన ఓనర్ ఒకప్పుడు డ్రైవరే. మొదటి రెండు ట్రిప్పులు నా పక్కనే కూర్చున్నాడు. అదే ఘాట్ పైన బండి ఆపించి, "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలబ్బీ, డీజిల్ నాది, నువ్వు లెక్కపెట్టాకు" అన్నాడు. నేను ఈరోజు ఇంటికొచ్చి అన్నం తింటున్నానంటే ఆ మాట వల్లే. అందుకే మా వాడికి మూడో ఉద్యోగం కావాలంటున్నా. మూడు వేలు తక్కువైతే ఏం, రెండు నెలలు పక్కన కూర్చోబెట్టి నేర్పే ఓనర్ ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?

చేరేముందు బండి నంబరు అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పర్మిట్ ఎప్పటివరకు ఉన్నాయో వస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఎఫ్‌సీ ప్రతి ఏడాదీ చేయించాలి. అది అయిపోయిన బండి తోలమనేవాడు రేపు మీకు ఏమైనా అయితే ఆసుపత్రికి వస్తాడా? ఇన్సూరెన్స్ కాగితంలో పెయిడ్ డ్రైవర్ అని, అంటే జీతానికి తోలే డ్రైవర్ కోసం, 50 రూపాయలు కట్టిన లైన్ ఉందో లేదో చూడండి. ఆ 50 దగ్గర కక్కుర్తి పడేవాడు టైర్ల దగ్గర ఇంకెంత పడతాడో మీరే ఆలోచించండి.

లోడు సంగతి తెగేసి అడగండి. పది టైర్ల బండికి 2018 నుంచి బండి బరువుతో కలిపి 28.5 టన్నులు. ఖాళీ బండే తొమ్మిది, పది టన్నులు తూగుతుంది. మించితే 20 వేల ఫైను, ఆపైన ప్రతి టన్నుకు 2 వేలు. చట్టంలో నడిపించినవాడే కాదు, నడిపినవాడు కూడా ఉన్నాడు. "ఫైను పడితే ఎవరు కడతారన్నా?" అని మొదటిరోజే అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఫ్యాక్టరీ యార్డులో లోడింగ్ సీరియల్ కోసం రెండు రోజులు ఎండలో కూర్చుంటే హాల్టింగ్ బత్తా (బండి నిలిచిన రోజులకిచ్చే డబ్బు) ఇస్తాడా, చిరిగిన సిమెంటు బస్తాలు ఎవరి ఖాతాలో రాస్తాడు, ఇవీ అప్పుడే తేల్చుకోవాలి. అడగడానికి మొహమాటం వద్దు.

టిప్పర్ గురించి ఎక్కువ చెప్పను. ట్రిప్పుకింత అంటే రోజుకు ఒక ట్రిప్పు ఎక్కువ కొట్టాలని కాలు దానంతటదే యాక్సిలేటర్ మీదికి పోతుంది. చేతులు తిరిగినవాళ్లకే కష్టం, కొత్త పిల్లోడికి అసలొద్దు. బంధువుల బండి కూడా మొదటి ఏడాది వద్దంటాను. మనోడే కదా అని వాళ్లు జీతం ఆపుతారు, మనోడే కదా అని మనం అడగలేం.

నిన్న రాత్రి మావాడు ఫోన్ చేశాడు. "మామా, ఎర్రగుంట్లాయన రేపే రమ్మంటాండాడు. అమ్మ పొమ్మంటాంది. ఏం చేసేది?" అన్నాడు. బంగారం వడ్డీ ఈ మూడు నెలలు నేను కడతానని అక్కకు చెప్పమన్నా. పొద్దున్నే కడపకు వాడితో నేనే పోతాండా, ఆ నాలుగు బండ్ల టైర్లు కూడా నేనే చూస్తా.