రూప్‌చంద్ పిరానా కాదు: వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే వరంగల్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "రూప్‌చంద్ పేరుతో అమ్మేది మనుషుల్ని పీక్కుతినే పిరానా. ప్రభుత్వం నిషేధించింది. తింటే క్యాన్సర్. చెరువులో పిల్లల్ని దించకండి" అని. కార్తె రోజు నాలుగు పైసలు కళ్లజూసే చేపలమ్మే ఆడవాళ్ల బేరం దీనివల్ల పోతుంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్తున్నా.

ముందు పిరానా సంగతి. రూప్‌చంద్, పిరానా రెండూ దక్షిణ అమెరికా చేపలే, ఒకే కుటుంబానివి కూడా. పైగా రూప్‌చంద్ పిల్లకు పొట్ట ఎర్రగా ఉండి, ఎర్రపొట్ట పిరానాకూ దానికీ తేడా తెలియదు. అనుమానం తీరాలంటే అమ్మే ఆమెను కింది పెదవి లాగి చూపించమనండి. పిరానాకు ఒకే వరుసలో పదునైన ముక్కోణపు పళ్లుంటాయి. రూప్‌చంద్‌వి వెడల్పుగా, పలకలుగా, అచ్చం మన దవడ పళ్లలా ఉంటాయి. పై దవడలో రెండు వరుసలు.

ఆ పళ్లు గింజలు నమలడానికి. అమెజాన్ పొంగినప్పుడు కొన్నిచోట్ల నీళ్లు పది మీటర్ల దాకా లేచి అడవిలోకి వస్తాయి. నెలల తరబడి చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. అప్పుడు ఈ చేప కొమ్మల కింద తిరుగుతూ రాలిన పండ్లు తింటుంది, గట్టి గింజల్ని కొరికి పగలగొడుతుంది. నలగకుండా కడుపులోకి పోయిన గింజలు ఎక్కడో దూరాన బయటపడి మొలకెత్తుతాయి. అక్కడి అడవికి విత్తనాలు చల్లే జీవాల్లో ఇదొకటి! మన బజార్లో కిలో అటూఇటూ ఉండే ఈ చేప అక్కడ 25 కిలోల దాకా పెరుగుతుంది. వలలు ఎక్కువై పెద్ద చేపలు తగ్గేకొద్దీ దూరం పోయే విత్తనాలూ తగ్గుతాయి. నాకు బాధ కలిగించే విషయం ఇది.

అంటే మాంసం ముట్టదా? పురుగులు, నత్తలు, చిన్న చేపలు దొరికితే తింటుంది. గాలం తీసేటప్పుడు నోట్లో వేలు పెడితే గట్టిగానే కొరుకుతుంది. మనుషుల్ని వేటాడటం మాత్రం అబద్ధం. మాంసం తినడమే తప్పయితే కప్పల్ని, చేపపిల్లల్ని మింగే కొరమీనును ఏమనాలి? అది మన తెలంగాణ రాష్ట్ర చేప.

నిషేధం సంగతి వేరే చేపది. కేంద్రం 2000లో నిషేధించింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను. దొంగచాటుగా పెంచుతుంటే పట్టుకుని గుంతలు తీసి పూడ్చేది దాన్ని. మెసేజ్ రాసినవాళ్లు ఆ వార్తను తెచ్చి దీనికి అంటించారు.

క్యాన్సర్ మాటకు ఆధారమే లేదు. ఏ చేపైనా మురుగు నీళ్లలో, కుళ్లిన వ్యర్థాలు మేపి పెంచితే మంచిది కాదు, అంతే. రూప్‌చంద్‌ను చందువ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లను మాత్రం నిలదీయాల్సిందే. చందువ సముద్రపు చేప.

భయపడాల్సింది ఇంకోటి ఉంది. ఇది మన నీళ్లలో పుట్టిన చేప కాదు. వానాకాలం పెంపకపు గుంటలు కట్ట తెగితే వాగుల్లో పడుతుంది. రామప్ప, లక్నవరం చెరువులు అలుగు పోస్తే ఆ నీళ్లు చేరేది గోదావరికే. అక్కడ బొచ్చె, జెల్ల, వాలుగ తినే తిండికి ఇదీ పోటీకొస్తుంది. గుంటల కట్ట గట్టిగా ఉందా, నీళ్లు బయటికి పోయేచోట జాలి బిగించారా అని వానలకు ముందే మత్స్యశాఖ వాళ్లను అడగండి.