‘చేయాలట’ అనకండి, అడగండి

ఇక్కడ అమెరికాలో, ఆసుపత్రిలో డాక్టరు ఇంగ్లీషులో వేసిన ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి ఆజ్ఞగా మారిపోవడం చాలాసార్లు విన్నాను. మోకాలి మార్పిడి గురించి ఒక డాక్టరు పెద్దావిడకు ఓపికగా వివరించారు. ఆపరేషన్ చేయించుకుంటే నొప్పి చాలావరకు తగ్గవచ్చు. కానీ పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఇన్‌ఫెక్షన్ భయమూ రక్తం గడ్డకట్టే ప్రమాదమూ కొంత ఉంటాయి. ఇంజెక్షన్లు, వ్యాయామాలతో ఇంకొంతకాలం నెట్టుకురావచ్చు. మీకేది మేలనిపిస్తోంది అని అడిగారు. కొడుకు తల్లివైపు తిరిగి, “అమ్మా, ఆపరేషన్ చేయాలట” అన్నాడు. “సరే నాన్నా, నీ ఇష్టం” అన్నారావిడ. సంతకం పడింది.

నా బాధంతా ఆ ‘ట’ గురించే. ఎవరో ఎక్కడో తేల్చేసిన సంగతిని మోసుకొచ్చే అక్షరమది. అది వినగానే పెద్దవాళ్లు తలూపుతారు, ఎందుకంటే ఇక ఆలోచించడానికి ఏమీ మిగలలేదనుకుంటారు. అడగడానికి మనకు మాటలు కరువా? చేయించుకుంటావా, కొన్నాళ్లు ఆగి చూద్దామా, వద్దనిపిస్తోందా, ఇంకో డాక్టరును కలుద్దామా? ఇవి ఇంట్లో రోజూ వాడే మాటలే. ఆసుపత్రి గడప దాటగానే ఎందుకో మరచిపోతాం.

“నిజం చెబితే తట్టుకోలేరు” అనేవాళ్లున్నారు. పొలం అమ్మాలా, కౌలుకివ్వాలా తేల్చినవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు కుదిర్చినవాళ్లు, కట్టుకున్నవాళ్లను సాగనంపినవాళ్లు తమ మోకాలి సంగతి వినలేరా? ఇల్లంతా కలిసి ఆలోచించే మన పద్ధతి మంచిదే. ఆ పదిమందిలో ఒళ్లు నొప్పులు పడే మనిషి కూడా ఉండాలి. “నీ ఇష్టం” అంటే ఒక్కోసారి నిజంగానే నీకు వదిలేశానని అర్థం. ఒక్కోసారి భయం, ఖర్చు గురించిన దిగులు. మరోసారి అడిగితేనే వాటిలో ఏది నిజమో తెలుస్తుంది.

అన్నిటికీ మనమే దుబాసీలం కానక్కర్లేదు. అమెరికాలో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం 1557వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. మనిషి దొరక్కపోతే ఫోనులోనో వీడియోలోనో తెలుగు వినిపిస్తుంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి. పదేళ్ల మనవరాలిచేత తాతగారి క్యాన్సరు సంగతి చెప్పించడం ఎవరికీ న్యాయం కాదు.

ఇంకా కష్టమైన మాట ఒకటుంది. స్పృహ లేని స్థితి వస్తే వెంటిలేటరు పెట్టాలా వద్దా, తన తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందే రాసిపెట్టుకునే పత్రాల గురించి ఇక్కడి ఆసుపత్రులు రోగులకు తెలియజేయాలనే చట్టం 1991 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. భారత సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇలాంటి పత్రాన్నే, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. వీలునామా అనగానే మనకు ఇల్లూ పొలమే గుర్తొస్తాయి. “అశుభం పలకకు” అని మాట తప్పిస్తాం. అప్పుడా నిర్ణయం అర్ధరాత్రి ఐసీయూ బయట, విమానంలో ఉన్న తమ్ముడికి ఫోను కలవని వేళ, ఒక్క కూతురి నెత్తిన పడుతుంది.

మన తెలుగు సంఘం ఆరోగ్య శిబిరాల్లో షుగరు, బీపీ పరీక్షల పక్కన ఇంకో బల్ల వేద్దాం. ఇక్కడ మనం ఉంటున్న రాష్ట్రపు పత్రాలు, వాటిని తెలుగులో విడమరచి చెప్పే డాక్టరు ఒకరు, లాయరు ఒకరు ఉంటే చాలు. సాక్షులు కావాలా, నోటరీ కావాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక ఆ వివరం అక్కడే చెప్పాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. తెలుగు వచ్చిన డాక్టర్లూ నర్సులూ ముందుకు రండి.